మట్కా చీటీ నుంచి అకౌంట్ కిట్ దాకా: మా ఊరి పక్క గ్యాంగ్ కథ

ఈరోజు ఎడిటింగ్ ఏం లేదు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ కూడా పెట్టలేదు. మాధవరంలో మా ఇంటి మిద్దె మీద కూర్చొని మాట్లాడుతున్నా. వెనకాల లారీల సౌండ్ వస్తా ఉంటాది, అది రాయచూరు రోడ్డు. చెక్‌పోస్టు దగ్గర ఆగి మళ్లీ కదిలే సౌండ్ అది. అడ్జస్ట్ అవ్వండి.

పోయిన ఎపిసోడ్‌లో గంజాయి గురించి చెప్పినప్పుడు ఒక తమ్ముడు కింద కామెంట్ పెట్టాడు. "అన్నా, వైజాగ్ ఏజెన్సీ గురించి, ముంబై డాన్‌ల గురించి చెప్తావ్ గానీ, మన ఆదోని, ఎమ్మిగనూరు సైడ్ గ్యాంగులు లేవా? మనోళ్లు అంత మంచోళ్లా?" అని. నవ్వు ఎమోజీ కూడా పెట్టినాడు. నేనూ నవ్వి వదిలేద్దాం అనుకున్నా. రెండు రోజులు వదల్లేదు అది నన్ను.

ఎందుకంటే గ్యాంగ్ అంటే మన బుర్రలో ఒక బొమ్మ ఉంటాది. సుమోలు, వేటకొడవళ్లు, స్లో మోషన్. రాయలసీమ అంటే సినిమావాళ్లు అదే చూపించి చూపించి మనక్కూడా అదే నమ్మకం చేసేశారు. నేను చూసిన గ్యాంగ్ చేతిలో కొడవలి లేదు ఫ్రెండ్స్. పెన్సిల్ ముక్క ఉండేది. చెవి మీద పెట్టుకునేవాడు. జేబులో చిన్న చిన్న చీటీలు. టీ అంగడి పక్కన నిలబడేవాడు. ఊర్లో అందరికీ తెలుసు ఆయన ఎవరో, పిల్లలకు కూడా తెలుసు. బీటర్ అంటారు.

అవును, మట్కా. ఈరోజు దాని గురించే. మట్కా దగ్గర మొదలుపెట్టి, మీ ఫోన్‌లో మీ బ్యాంక్ యాప్ దగ్గర ఆపుతా. మధ్యలో నా గురించి ఒక విషయం చెప్పాలి, అది చెప్పడం నాకు ఇష్టం లేదు. అయినా చెప్తా.

నాకు ఏడెనిమిదేళ్లు ఉంటాయేమో. మా చిన్నాయన పొద్దున్నే మంచం దగ్గరికి వచ్చి లేపేవాడు. "రేయ్, రాత్రి ఏం కలొచ్చిందిరా?" అని. నేను పాము వచ్చింది చిన్నాయనా అంటే, "ఒకటా, రెండా? తెల్లదా, నల్లదా?" అని అడుగుతాడు. నేను చిన్నోణ్ణి కదా, ఆయనకు ఇంట్రెస్ట్ వచ్చేకొద్దీ నేను కల పెంచుకుంటూ పోయేవాణ్ణి. రెండు పాములు, ఒక బావి, బావిలో మూడు మెట్లు... ఆయన లెక్క కట్టుకొని వెళ్లిపోయేవాడు. ఒకసారి నేను చెప్పిన కలకు నంబర్ తగిలిందంట. నాకు ప్యాంట్, చొక్కా కొనిచ్చాడు. అప్పటి నుంచి మా అవ్వ నన్ను ఆయన దగ్గర పడుకోనిచ్చేది కాదు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. ఎకరంన్నర చేను అమ్ముకున్నాక అర్థమైంది.

సరే, ఈ మట్కా అసలు ఎక్కడి నుంచి వచ్చింది? ఇది తెలుసుకున్నప్పుడు నాకు నిజంగా మైండ్ బ్లాంక్ అయింది. ఎందుకంటే ఇది పత్తితో మొదలైంది. మన పత్తే... అంటే పత్తి వ్యాపారం.

ముంబైలో, అప్పటి బొంబాయిలో, న్యూయార్క్ కాటన్ ఎక్స్‌ఛేంజ్ నుంచి పత్తి రేట్లు టెలిప్రింటర్‌లో వచ్చేవి. పొద్దున మార్కెట్ తెరిచినప్పుడు ఒక రేటు, మూసేటప్పుడు ఒక రేటు. ఆ రేటు ఎంత వస్తుందని జనం పందేలు కాసేవాళ్లు. ఇప్పటికీ మట్కాలో "ఓపెన్", "క్లోజ్" అంటారు చూడండి, ఆ మాటలు అక్కడివే. మా ఊర్లో ఇంగ్లీష్ ఒక ముక్క రాని పెద్దమనిషి కూడా ఓపెన్-క్లోజ్ అంటాడు. న్యూయార్క్ పత్తి మార్కెట్ భాష మాట్లాడుతున్నా అని ఆయనకు తెలియదు.

1960ల మొదట్లో ఆ రేట్లు రావడం ఆగిపోయింది. పందెం మాత్రం ఆగలేదు. కచ్ నుంచి బొంబాయి వచ్చిన కల్యాణ్‌జీ భగత్ అనే ఆయన 1962లో సొంతంగా నంబర్లు తీసే ఆట మొదలుపెట్టాడు. అదే కల్యాణ్ మట్కా. 1964లో రతన్ ఖత్రీ ఇంకొకటి పెట్టాడు, న్యూ వర్లీ మట్కా. చీటీలు కుండలో వేసి తీసేవాళ్లు కాబట్టి మట్కా. 1975లో వచ్చిన ధర్మాత్మ అనే హిందీ సినిమాలో ప్రేమ్‌నాథ్ పాత్ర ఈ ఖత్రీని చూసి రాసిందే. మొన్న 2024లో వరుణ్ తేజ్ మట్కా సినిమా కూడా చూసే ఉంటారు, థియేటర్‌లో ఎక్కువ రోజులు లేదు పాపం.

బొంబాయిలో ఇది ఎవరు ఆడేవాళ్లు? ఎక్కువగా బట్టల మిల్లు కార్మికులు. రోజు కూలీ చేతికొచ్చేవాళ్లు. ఇప్పుడు ఆదోని మ్యాప్ తీసి చూడండి. పత్తి మార్కెట్, జిన్నింగ్ మిల్లులు. ఆదోనిని పెద్దోళ్లు రెండో బొంబాయి అనేవాళ్లు వ్యాపారానికి. గుంతకల్లు, ఆదోని, మంత్రాలయం రోడ్డు, రాయచూరు... ఆ రైలు పట్టాలు నేరుగా ముంబై పోతాయి. మట్కా ఆ రైలెక్కే మనదాకా వచ్చిందని నేను ప్రూఫ్‌తో చెప్పలేను. కానీ మ్యాప్ చూస్తే మాత్రం నాకు డౌట్ రావడం లేదు.

దీంట్లో హింస లేదు కదా, ఏదో చీటీల ఆట కదా అనేవాళ్లకు ఒక ముక్క. 2008లో ఆ భగత్ కుటుంబంలోనే సురేశ్ భగత్ వెళ్తున్న వాహనాన్ని అలీబాగ్ రోడ్డులో లారీతో గుద్దించి చంపారు. ఆయనతో పాటు బండిలో ఉన్నవాళ్లు కూడా పోయారు. 2013లో కోర్టు శిక్ష వేసింది ఎవరికి? మిగతా నిందితులతో పాటు ఆయన భార్యకు, కొడుకుకు. మహారాష్ట్రలో వ్యవస్థీకృత నేరాల కోసం పెట్టిన మోకా చట్టం కింద. మట్కా వ్యాపారం చేతిలోకి తీసుకోవడానికి ఇంట్లోవాళ్లే. కింద ఉన్న బీటర్ దగ్గర పెన్సిల్ ఉంటాది, పైకి పోయేకొద్దీ లారీ ఉంటాది.

ఇప్పుడు లెక్క చెప్తా. నేను బీటెక్, హైదరాబాద్‌లో నాలుగేళ్లు బ్యాకెండ్ కోడ్ రాశా. ఒక ఆదివారం కూర్చొని మట్కాను పైథాన్‌లో రాశా. చాలా చిన్న ప్రోగ్రామ్. మూడు అంకెలు వస్తాయి. ఉదాహరణకు 2, 5, 8 వచ్చాయి అనుకోండి. కూడితే 15. చివరి అంకె 5. అది ఓపెన్. సాయంత్రం మళ్లీ మూడు, 1, 3, 7. కూడితే 11. క్లోజ్ 1. రెండూ కలిపితే 51. ఆ మూడంకెల పట్టీలు మొత్తం 220. మా చిన్నాయన పదో తరగతి తప్పాడు, ఆ 220 నోటికి చెప్పేవాడు. ఆ జ్ఞాపకశక్తి చూసి నాకు ఇప్పటికీ బాధేస్తాది.

సింగిల్ నంబర్ మీద పది రూపాయలు పెడితే, తగిలితే తొంభై ఇస్తారు. పది నంబర్లు ఉన్నాయి కాబట్టి న్యాయంగా అయితే వంద ఇవ్వాలి. అంటే ప్రతి పది రూపాయల్లో రూపాయి వాళ్లది. "రూపాయే కదా అన్నా" అంటారు. కానీ తగిలిన డబ్బు ఇంటికి తీసుకెళ్లేవాడు ఎవడు? మళ్లీ దాంట్లోనే పెడతాడు. వంద రూపాయలు పదిసార్లు తిప్పితే సగటున 35 రూపాయలు మిగులుతాయి. ఇరవై సార్లు తిప్పితే 12. ఇక పట్టీ మీద ఆడితే ఇంకా ఘోరం. వేరువేరు అంకెలున్న పట్టీ వెయ్యిలో ఆరుసార్లు వస్తాది. మా చిన్నాయనకు ఇచ్చే రేటు 140. అంటే వందకు 84 వెనక్కి. పదహారు అక్కడే పోయె.

ఇది కూడా ఆట నిజాయితీగా ఆడితేనే. కుండలోంచి నలుగురి ముందు తీసిన రోజుల్లో ఏమో గానీ, ఇప్పుడు ఆ నంబర్ ఎవరు తీస్తున్నారో మీరు చూశారా? ఫోన్‌లో రిజల్ట్ వస్తాది, అంతే. రిజల్ట్ రాకముందే ఏ నంబర్ మీద ఎంత డబ్బు పడిందో కంపెనీ దగ్గర ఉంటాది. ఏ నంబర్ మీద తక్కువ డబ్బు ఉందో వెతికే క్వెరీ నేను రెండు లైన్లలో రాస్తా. నేను రాయగలిగినప్పుడు వాళ్లు రాసుకోరా? మా చిన్నాయన నా కలలో పాములు లెక్కపెడుతుంటే, అవతల వాళ్లు చీటీలు లెక్కపెట్టుకుంటున్నారు.

మరి పోలీసులు పట్టుకోరా అంటే, పట్టుకుంటారు. పేపర్లో జోన్ పేజీ తీయండి, "మట్కా బీటర్లు అరెస్టు, ఇంత నగదు, చీటీలు స్వాధీనం". ఫొటోలో కింద తలవంచుకొని కూర్చున్న నలుగురు. ఆ నలుగురూ కూడా కమీషన్ మీద బతికేవాళ్లే. బీటర్ పైన ఒకడు, వాడి పైన కంపెనీ. కంపెనీ పక్క జిల్లాలో ఉండొచ్చు, పక్క రాష్ట్రంలో ఉండొచ్చు. 1974 గేమింగ్ చట్టం కింద కేసు పెడితే ఫైన్ కట్టి సాయంత్రానికి మళ్లీ టీ అంగడి దగ్గర. 2020లో మన రాష్ట్రం ఆ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని కూడా అందులోకి తెచ్చింది. నడిపేవాడికి మొదటిసారి ఏడాది, ఆడేవాడికి ఆరు నెలల దాకా జైలు. 2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, దాంట్లో 112 సెక్షన్ చదవండి. "చిన్న తరహా వ్యవస్థీకృత నేరం". గుంపుగా చేసే దొంగతనాలు, టికెట్ల బ్లాక్ దందా, పరీక్ష పేపర్లు అమ్మడం, వీటితో పాటు అనధికార బెట్టింగ్, జూదం కూడా అందులో ఉన్నాయి. ఏడాదికి తగ్గకుండా ఏడేళ్ల దాకా. అంటే కామెంట్ పెట్టిన తమ్ముడూ, చట్టం లెక్కలో మన టీ అంగడి దగ్గర ఉన్నది గ్యాంగే.

ఇక్కడ ఒక పక్క మాట. మన సరిహద్దులో ఇంకో దందా చూశాం కదా, కర్ణాటక మందు. 2020 మేలో ఇక్కడ మద్యం రేట్లు రెండు రోజుల్లో 25 శాతం, మళ్లీ 50 శాతం, మొత్తం 75 పెరిగాయి. అవతల రాయచూరు సైడ్ టెట్రా ప్యాకెట్ చవక. ఇంక చూడాలి! మాతో పాటు ఇంటర్ చదివినోళ్లు బైక్ ట్యాంక్ కింద, గడ్డి మోపుల్లో, రకరకాలుగా తెచ్చారు. ముందు ఒక బైక్ పోయి చెక్‌పోస్టులో ఎవరున్నారో చూసి ఫోన్ చేయాలి, దానికి పైలట్ అని పేరు. పైలట్‌కు రోజుకు ఇంత. నేను హైదరాబాద్‌లో క్యాంపస్ జాబ్ కోసం తిప్పలు పడుతుంటే, ఒకడు ఫోన్ చేసి "నేను పైలట్ అయినారా మామా" అన్నాడు. నిజం పైలట్ అనుకున్నా ఒక సెకన్. వాడి మీద ఎక్సైజ్ కేసు ఇంకా నడుస్తూనే ఉంది. పాస్‌పోర్ట్‌కు పెట్టుకుంటే పోలీస్ వెరిఫికేషన్‌లో ఆగింది. డబ్బు పెట్టినోడి పేరు ఆ కేసులో లేదు.

ఈ ప్యాటర్న్ గుర్తుపెట్టుకోండి. పైనున్నోడికి కావాల్సింది మన చేతులు, మన బైక్, మన పేరు. మట్కాలో బీటర్, మందులో పైలట్. ఇప్పుడు ఫోన్‌లో ఏంటి? అక్కడికే వస్తున్నా.

నేను చెప్పడం ఇష్టం లేదన్న విషయం ఇది.

2023 ఐపీఎల్ టైమ్. నాకు అప్పుడు ఉద్యోగం ఉంది, ఛానెల్ చిన్నది. ఇన్‌స్టాలో ఒక మెసేజ్. "బ్రో, 30 సెకన్ల ప్రమోషన్, మీ పేరు మీద రెఫరల్ కోడ్ ఇస్తాం." డబ్బు పెట్టి ఆడే గేమ్ యాప్. పేరు చెప్పను. స్కిల్ గేమ్, లీగల్ అన్నారు. నేను మట్కా ఇంట్లో పెరిగినోణ్ణి, నాకు తెలియదా? తెలుసు. రెండు రోజులు ఆలోచించా. ఆ రెండు రోజులు నేను ఆలోచించింది చేయాలా వద్దా అని కాదు, చేస్తే ఎవరైనా తిడతారా అని. చేశా. 18 వేలు వచ్చాయి. మా అమ్మకు మిక్సీ కొన్నా, మిగతాది ఖర్చైపోయింది. ఆ రీల్‌లో నేను ఏమన్నానో నాకు మాట మాటకూ గుర్తుంది. "మీ నాలెడ్జ్‌కు డబ్బులొస్తాయి" అన్నా.

ఆ కోడ్‌తో ఇన్‌స్టాల్ చేసినవాళ్లలో ఒకడు మాకు దగ్గర తమ్ముడు. ఊరు పేరు మారుస్తున్నా, కోసిగి సైడ్ అనుకోండి. వాణ్ణి అడిగే చెప్తున్నా ఇది. ఆదోనిలో డిగ్రీ. వాళ్ల అమ్మానాన్న ప్రతి ఏడూ సుగ్గికి పోతారు. మన ఏరియా కానివాళ్లకు చెప్తా, సుగ్గి అంటే వలస. దసరా, దీపావళి అయ్యాక ఊర్లు ఊర్లు లారీలెక్కి గుంటూరు సైడ్ పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి పోతారు. గుడిసెలేసుకొని ఉంటారు. ఉగాదికి వస్తారు. ఇంట్లో ముసలోళ్లు, తాళాలు ఉంటాయి. వర్షం మీద బతికే చేన్లు మరి. తుంగభద్ర పక్కనే పారుతుంటాది, 2024 ఆగస్టులో డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు నీళ్లన్నీ మా కళ్ల ముందే పోయాయి, మా చేన్లకు మాత్రం వానే దిక్కు.

సుగ్గి డబ్బులు వీడి అకౌంట్‌లో వేసేవాళ్లు. ఇంట్లో చదువుకున్నోడు వీడే కదా. ముందు యాభై రూపాయలతో మొదలుపెట్టాడు. మొదటి వారం 700 వచ్చాయి. స్క్రీన్‌షాట్ నాకే పంపాడు, "థ్యాంక్యూ అన్నా" అని. నేను ఫైర్ ఎమోజీ పెట్టా.

ఏడాది తర్వాత లెక్క: 43 వేలు పోయాయి. స్కిల్ గేమ్ నుంచి కలర్ గేమ్‌కు, అక్కడి నుంచి టెలిగ్రామ్‌లో వచ్చే ఏదో బెట్టింగ్ లింక్‌కు, మధ్యలో రెండు లోన్ యాప్‌లు. వాళ్లమ్మ ఉగాదికి వస్తాది. అప్పటికి డబ్బు కనపడాలి. ఆ టైమ్‌లో ఆదోనిలో ఒకడు పరిచయం అయ్యాడు. "తమ్ముడూ, నీ అకౌంట్ వాడట్లేదు కదా. కిట్ ఇవ్వు, పది వేలు."

కిట్ అంటే పాస్‌బుక్, ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, ఆ అకౌంట్‌కు లింక్ అయిన సిమ్. నాలుగూ కవర్‌లో పెట్టి ఇచ్చాడు. పది వేలు అని, ఆరు వేలు ఇచ్చి మిగతాది వచ్చే నెల అన్నాడు. అక్కడ కూడా మోసమే. ఆ సిమ్ ఎక్కడికి పోయిందో, ఏ రాష్ట్రంలో ఏ ఫోన్‌లో పడిందో వీడికి తెలియదు. పంతొమ్మిది రోజుల్లో ఆ అకౌంట్‌లోంచి 11 లక్షలు పోయాయి. దాంట్లో ఒక ముక్క ఎవరో రిటైర్డ్ టీచర్‌ది. డిజిటల్ అరెస్ట్ అని భయపెట్టి లాగిన డబ్బు. వీడు ఆ మనిషిని చూడలేదు, ఆ ఊరు ఎక్కడుందో తెలియదు. కానీ ఆమె ఫిర్యాదులో ఉన్న పేరు వీడిది.

దీన్నే మ్యూల్ అకౌంట్ అంటారు. కంచర గాడిద. మోసేదానికి మూటలో ఏముందో తెలియదు. 2024లో సైబర్ మోసాల్లో మనోళ్లు పోగొట్టుకున్నది 22,845 కోట్లు అని కేంద్ర ప్రభుత్వం పార్లమెంట్‌లో చెప్పింది. ఆ డబ్బు దొంగ దగ్గరికి నేరుగా పోదు. ఒక అకౌంట్ నుంచి నాలుగు, నాలుగు నుంచి ఇరవై, అలా నిమిషాల్లో చీలిపోతాది. ఆ ఇరవైలో చాలావరకు ఇట్లాంటి తమ్ముళ్లవే, కూలీలవే, డిగ్రీ స్టూడెంట్స్‌వే. మట్కా కంపెనీకి బీటర్ జేబు ఎట్లాగో, వీళ్లకు మన అకౌంట్ అట్లాగ. రిజర్వ్ బ్యాంక్ వాళ్లు వీటిని పట్టుకోవడానికే మ్యూల్‌హంటర్ అని ఒక ఏఐ టూల్ తెచ్చారు. సిస్టమ్ పట్టుకుంటాది, కానీ అది పట్టుకునేది అకౌంట్‌ను. అకౌంట్ ఎవరి పేరు మీద ఉందో వాణ్ణి.

ఇంకో చివర కూడా మనోళ్లే ఉన్నారు, అది కూడా చెప్పాలి. 2024 మేలో విశాఖ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. డేటా ఎంట్రీ జాబ్ అని చెప్పి మన కుర్రాళ్లను కంబోడియా పంపారు. అక్కడ గేట్ల వెనక బంధించి, ఫోన్లు ఇచ్చి, మన దేశంలో వాళ్లకే ఫోన్ చేసి మోసం చేయమన్నారు. సిహనూక్‌విల్ అనే ఊర్లో మనోళ్లు వందల మంది తిరగబడితే గానీ బయటకు రాలేదు. అంటే ఫోన్ చేసేవాడూ బందీగా ఉన్న తెలుగోడే, డబ్బు పడే అకౌంటూ సుగ్గి కుటుంబం పిల్లోడిదే. పైనోడు ఎవడో మాత్రం మీరూ నేనూ ఎప్పటికీ చూడం.

మా తమ్ముడి సంగతి. 2025 మార్చిలో అకౌంట్ ఫ్రీజ్. వీడికి ఇంకో బ్యాంక్‌లో ఇంకో అకౌంట్ ఉంది, కొన్నాళ్లకు అది కూడా ఆగింది. అందులో వాళ్ల నాన్న సుగ్గి నుంచి వేసిన 31 వేలు. ఉగాదికి వాళ్లు లారీ దిగారు. వాళ్ల నాన్న బ్యాంక్‌కు పోయి పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నాడు. పై నుంచి ఆర్డర్ అంటారు. మేలో వేరే రాష్ట్రం పోలీసుల నోటీసు వచ్చింది, బీఎన్‌ఎస్‌ఎస్ 35(3) కింద. విచారణకు రమ్మని. ఆ నోటీసు పట్టుకొని వీడు నాకు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు ఇంజనీర్ కదా, ఇది ఏంటో చూడు" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. కోడ్ గురించి ఎత్తలేదు. నేనే ఎత్తా. "అది నీ తప్పేం కాదులే అన్నా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

నేను వాడితో పాటు పోయా. ట్రైన్‌లో రెండు రాత్రులు. ఆ స్టేషన్‌లో ఆఫీసర్ మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు. మాలాంటోళ్లు రోజూ వస్తారంట. వీడు జరిగింది జరిగినట్టు చెప్పాడు, కిట్ తీసుకున్నోడి నంబర్, చాట్‌లు, ఆరు వేలు వచ్చిన ట్రాన్సాక్షన్ అన్నీ ఇచ్చాడు. అరెస్టు చేయలేదు. కానీ కేసులో పేరు ఉంది. రెండో అకౌంట్‌లో ఫిర్యాదుకు సంబంధం ఉన్న మొత్తం వరకు ఆపి, మిగతాది వదలమని లెటర్ పెట్టుకున్నాం. 31 వేలలో 22 వేలు ఆగస్టులో వచ్చాయి. మిగతాది ఇంకా రాలేదు. ఈ సుగ్గికి వాడు కూడా పోయాడు, వాళ్లమ్మానాన్నతో. ఫైనలియర్ ఫీజు కట్టలేదు.

అదే ఆగస్టులో, 2025లో, పార్లమెంట్ ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లన్నీ బంద్. స్కిల్ అయినా, అదృష్టం అయినా. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా ఫైన్. ప్రమోట్ చేసేవాడికి రెండేళ్ల దాకా, 50 లక్షల దాకా. టీవీ నిండా ఉన్న పెద్ద పెద్ద యాప్‌లు రాత్రికి రాత్రి డబ్బు ఆటలు ఆపేశాయి. ఆ న్యూస్ చూస్తూ నేను ఎక్కడున్నానో తెలుసా? బ్యాంక్‌లో, వాడి లెటర్ పట్టుకొని క్యూలో. అంతకుముందు మార్చిలో హైదరాబాద్‌లో సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద కేసులు పెట్టినప్పుడు నేను ఒక వీడియో చేశా గుర్తుందా? "సెలబ్రిటీలకు సిగ్గుండాలి" అని థంబ్‌నెయిల్. లక్షన్నర వ్యూస్. నా రీల్ డిలీట్ చేసి, వాళ్లను తిట్టా. ఆ వీడియో కింద ఎవరూ నన్ను అడగలేదు. ఇప్పుడు ఆ వీడియో తీసేయట్లేదు, కింద ఈ ఎపిసోడ్ పిన్ చేస్తున్నా.

చట్టం వచ్చాక అంతా పోయిందా అంటే, టెలిగ్రామ్ తెరిచి చూడండి. విదేశాల్లో సర్వర్ పెట్టి నడిపేవి అట్లాగే ఉన్నాయి. వాటికి మన దేశంలో డబ్బు తీసుకోవాలంటే అకౌంట్‌లు ఇంకా ఎక్కువ కావాలి ఇప్పుడు. అందుకే కిట్‌కు రేటు పెంచి అడుగుతున్నారంట, తమ్ముడి క్లాస్‌మేట్స్ చెప్పారు. ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల్లో ఉన్నోళ్లు, మీ వాట్సాప్ గ్రూప్‌లో "కరెంట్ అకౌంట్ ఉన్నోళ్లు డీఎం చేయండి, మంచి కమీషన్" అని వస్తే, అది అదే.

ఇప్పటికే ఇచ్చేసినోళ్లు ఉంటే, ఇది వినండి, ఫాస్ట్‌గా చెప్తా. ఇవాళే బ్యాంక్‌కు పోయి అకౌంట్ బ్లాక్ చేయమని రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. సిమ్ బ్లాక్ చేయించండి. 1930కి ఫోన్ చేయండి. చాట్‌లు డిలీట్ చేయకండి, భయంతో అందరూ ముందు చేసే పని అదే, మిమ్మల్ని కాపాడేది కూడా ఆ చాట్‌లే. నోటీసు వస్తే దాచిపెట్టకండి, పోకపోతేనే అరెస్టు దాకా వస్తాది. లాయర్‌కు డబ్బు లేదంటే 15100కి చేయండి, న్యాయ సేవల అథారిటీ నంబర్ అది. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, ఆదాయం తక్కువున్నోళ్లకు లాయర్‌ను ఉచితంగా ఇస్తారు. "ఐదు వేలిస్తే అకౌంట్ అన్‌ఫ్రీజ్ చేస్తాం" అని టెలిగ్రామ్‌లో ఉంటారు, వాళ్లు కూడా అదే బ్యాచ్. మా వాడు దానికి కూడా 1,500 కట్టాడు, నాకు తర్వాత చెప్పాడు.

మా చిన్నాయన ఇప్పుడు ఉన్నాడు, బాగానే ఉన్నాడు, వేరేవాళ్ల చేను కౌలుకు చేస్తున్నాడు. పత్తే వేశాడు. నిన్న ఈ స్క్రిప్ట్ రాసుకుంటుంటే వచ్చి కూర్చున్నాడు. నా పైథాన్ లెక్క చూపించా. వందకు పన్నెండు మిగులుతుందని. చాలాసేపు స్క్రీన్ చూశాడు. "ఇది అప్పుడే చేసింటే బాగుండు కదరా" అన్నాడు. నాకు ఏడేళ్లు చిన్నాయనా అప్పుడు అన్నా. ఇద్దరం నవ్వాం. తర్వాత ఆయన అడిగాడు, "మరి నీ దాంట్లో ఎంత మంది చేరినారు?" అని. కోడ్ గురించి ఆయనకు మా అమ్మ చెప్పిందంట.

ఆ యాప్ వాళ్ల డాష్‌బోర్డ్‌లో నేను చూసిన చివరి నంబర్ 212. తర్వాత నా లాగిన్ తీసేశారు. ఆ 212లో నాకు తెలిసింది ఒక్కడే. మీలో ఎవరైనా 2023లో నా కోడ్‌తో చేరి ఉంటే, డబ్బు పోయిందో, లోన్ యాప్‌లో ఇరుక్కున్నారో, అకౌంట్ ఇచ్చారో, కింద మెయిల్ ఐడీ ఉంది, రాయండి. డబ్బు ఇవ్వలేను, అంత నా దగ్గర లేదు. నోటీసు చదివిపెడతా, లెటర్ రాసిపెడతా, ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం అయితే బ్యాంక్‌కు మీతో పాటు వస్తా. శనివారాలు ఖాళీనే.

సరే ఫ్రెండ్స్, కింద అమ్మ పిలుస్తా ఉంది, చెక్‌పోస్టు దగ్గర ఏదో లారీ హారన్ కూడా ఆగట్లేదు. ఉంటా మరి.